జల్లెడ పట్టిన బూడిద

జనవరి 27, సోమవారం

బాపు మంచం దిగాడు. నా వాదన నెగ్గింది.

ఈ నెల ఆరున గనిలో పని చేస్తూ కూలబడినప్పటి నుంచి ఆయన సిక్కు లీవులో ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయనది టింబర్‌మన్ పని: బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. డాక్టరు ఛాతీ ఫోటో చూసి రెండే మాటలు చెప్పాడట, విశ్రాంతి తీసుకోవాలని, దుమ్ము పడకూడదని. మొదటి మాటను బాపు మరీ శ్రద్ధగా పాటిస్తున్నాడు. థీసిస్ రాసుకోవడానికి యూనివర్సిటీ నుంచి వచ్చిన నాకు ఈ ఇంట్లో కనిపిస్తున్నది గోడవైపు తిరిగి పడుకున్న ఒక వీపు మాత్రమే.

ఉపన్యాసం సిద్ధం చేసుకుని వెళ్లాను. తేలికపాటి తోటపని శ్వాసకోశ రోగులకు మేలు చేస్తుందన్న వ్యాసాన్ని తెలుగు చేసి వినిపించాను.

"డాక్టర్ సాబ్ పండుమన్నడు బిడ్డా."

"రెస్టు తీసుకొమ్మన్నడు బాపు. శవం లెక్క పండుమన్లే."

అవ్వ వంటింట్లోంచి, "నోట్లె ముల్లు పెట్టుకొని నా కడుపుల పుట్టింది ఇది" అంది.

బాపు నవ్వాడు. మూడు వారాల్లో అదే మొదటిసారి. "జడ్జి లేనికాడ గూడ గెలుస్తది" అన్నాడు. లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

షరతు నాదే: ముక్కుకు, నోటికి తడి తువ్వాల కట్టుకోవాలి. ఒప్పుకున్నాడు.

జనవరి 29, బుధవారం

క్వార్టర్ వెనుక పెరడు పొడవు పన్నెండు అడుగుల నడక, వెడల్పు ఎనిమిది. అక్టోబరులో ఎక్కిన చిక్కుడు తీగ పందిరి మీదే ఎండి కరకరలాడుతోంది. తీగను లాగేసి పందిరి విప్పాం. నేను లాగాను, బాపు కుర్చీలో కూర్చుని ఒక్కొక్క గుంజను వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి విని, "గిది ఉంచు, గిది పుచ్చిపోయింది" అని వేరుచేశాడు. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి. విరిచి చూస్తే ఆయన పక్కన పెట్టినవన్నీ లోపల గుల్ల.

శివరాత్రికి చలి పోతుంది. ఆ మరునాడు విత్తనాలు పెట్టాలని అవ్వ నియమం. మా చర్చిలో సగం మంది పెరళ్లు ఆ తేదీకే మేల్కొంటాయి. పాస్టరుగారి పెరడుతో సహా. ఈలోగా నేల తిరగేసి, పెంట వేసి, మడులు కట్టాలి. సొరకు రెండు గుంతలు, బీరకు రెండు. మిగిలిన చోట బెండ, గోకర, పుంటికూర.

నేల మాత్రం నేల కాదు. గడ్డపార ఎగిరి నా మీదికే వస్తోంది.

జనవరి 31, శుక్రవారం

పెరటి మూల బొగ్గు బూడిద కుప్ప ఉంది. గ్యాసు రాకముందు కంపెనీ బొగ్గుతోనే వంట. నాకు ఊహ తెలియకముందు నుంచి పోసిన బూడిద అది. దాన్ని జల్లెడ పట్టి మడుల్లో కలుపుదామని బాపు అన్నాడు. మట్టి గుల్లబారుతుందట.

"ఎన్నడన్న ఏసినమా గా బూడిద? పెంట చాలదా?" అంది అవ్వ.

నేను బాపు పక్షం వహించాను. బరువైన నల్లమట్టిలో సన్నని బూడిద కలిస్తే గాలి, నీరు ఎలా ప్రసరిస్తాయో అవ్వకు పది నిమిషాలు వివరించాను. అవ్వ సమాధానం చెప్పలేదు. బాపు ముఖంలోకి చూసి, చేట పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ప్రతివాది మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం సభానియమం.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఆరాధన నుంచి వచ్చేసరికి మొండయ్య కాక అరుగు మీద ఉన్నాడు. బాపుతో ఒకే గనిలో చేసి నిరుడు రిటైరయ్యాడు, పక్క క్వార్టరే. తండ్రి పనికి తగడని తేలితే బిడ్డకిచ్చే కంపెనీ ఉద్యోగం ఆయన కొడుక్కి రాలేదు. కాక రెండుసార్లు మెడికల్ బోర్డుకు వెళ్లి, రెండుసార్లూ "పనికి తగును" అనిపించుకుని తిరిగివచ్చాడు.

"రావే లిడియమ్మా. మా నోటికాడి కూడు తీసే వకీలమ్మ వచ్చింది."

నా డిబేట్ వీడియో సంగతి. డిసెంబరు పోటీలో ప్రతిపాదన ఇది: కార్మికుడు అనారోగ్యంతో అనర్హుడైతే అతని బిడ్డకు ఉద్యోగమివ్వడం అన్యాయం. నేను సమర్థించాను, మొదటి బహుమతి వచ్చింది. "తండ్రి రోగం బిడ్డకు యోగ్యతాపత్రం ఎలా అవుతుంది?" అన్నచోట హాలంతా చప్పట్లు. కాలనీ ఫోన్లన్నింట్లో అదే తిరుగుతోందట.

"కాకా, ఆ నౌకరి అందరికీ పరీక్ష పెట్టి ఇయ్యాలె అన్న. మీ నోట్లె మన్ను కొట్టమన్లే."

"పరీక్ష రాసుటానికి మావోనికి నీ అంత చదువేడిది? వాని బాపుకు దగ్గన్నా సరిగ్గ రాకపాయె" అని కాక తనమీద తానే నవ్వుకున్నాడు.

బాపు కూడా ఆ వీడియో చూశాడని అప్పుడే తెలిసింది. ఎలా ఉందని అడిగాను.

"మంచిగ మాట్లాడినవ్ బిడ్డా" అన్నాడు. అంతే.

ఫిబ్రవరి 5, బుధవారం

బాపు రోజూ పొద్దున్నే నాకంటే ముందు పెరట్లో ఉంటున్నాడు. రెండు మడులకు సరిపడా బూడిద జల్లించాడు. చేతులు మోచేతుల దాకా తెల్లగా, గనిలోంచి వచ్చినప్పటి మనిషికి నెగెటివ్‌లా ఉన్నాడు. మనిషిలో హుషారు వచ్చింది. నా వైద్యం పనిచేస్తోంది.

ఫిబ్రవరి 8, శనివారం

పై చదువుకు రాసిన ఫెలోషిప్ పరీక్ష ఫలితం వచ్చింది. రెండు మార్కులు తక్కువ.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇంట్లో చెప్పలేదు. తగిన సమయం చూసి చెప్పాలి. చర్చికి వెళ్లలేదు, తలనొప్పి అన్నాను. మూడో మడి తవ్వాను.

ఫిబ్రవరి 10, సోమవారం

ఆ పరీక్ష జ్ఞానాన్ని కొలవదు, జ్ఞాపకాన్ని కొలుస్తుంది. దీనిమీద ఒక వ్యాసం రాయవచ్చు.

వయసు దాటిపోతోంది కాబట్టి అది నాకు చివరి అవకాశమని ఎవరూ అనలేరు. ఇంకా రాయవచ్చు. కాకపోతే ఏడాది పాటు ఎక్కడ ఉండాలి, ఏం చేయాలి అన్నది వేరే ప్రశ్న. దాన్ని ఇక్కడ చర్చించను.

బాపు ఇన్‌హేలర్‌ను పంపు అంటాడు. దాని వెనుక చిన్న కిటికీలో ఇంకా ఎన్ని మోతాదులు మిగిలాయో అంకె కనిపిస్తుంది. ఈరోజు చూశాను: 86. పోయిన సోమవారం కూడా 86. అవసరం తగ్గుతోందన్నమాట.

ఫిబ్రవరి 12, బుధవారం

బాపుకు ఉత్తరం వచ్చింది. ఇరవయ్యో తేదీన మెడికల్ బోర్డు. సెలవు పొడిగించాలంటే తప్పదని బాపు అన్నాడు. నేను ఆ కాగితం చదవలేదు. ఆయన చెప్పాడు కదా.

దగ్గు పెరిగింది. వెళ్లిపోయే ముందు చలి ఒకసారి ముదురుతుంది.

ఫిబ్రవరి 15, శనివారం

పళ్లు తోముకుంటూ వెనుక తలుపులోంచి చూశాను. బాపు గొంతుక్కూర్చుని జల్లెడ ఆడిస్తున్నాడు. తువ్వాల మెడలో ఉంది, ముఖానికి కాదు. జల్లెడ ఆపాడు. లేచిన బూడిద ఇంకా గాలిలోనే ఉంది. అందులోకి ముఖం వంచి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. దగ్గు తెర తగ్గేదాకా మోకాళ్లు పట్టుకుని ఆగాడు. మళ్లీ జల్లెడ ఆడించాడు.

తువ్వాల తడి ఆరిపోయి జారి ఉంటుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

86.

ఫిబ్రవరి 17, సోమవారం

జరిగినది జరిగిన క్రమంలో రాయాలి. నా పక్షాన ఏమీ కలపకూడదు.

మధ్యాహ్నం బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే బాపు మందుల కవరు దొరికింది. నెల రోజుల మాత్రలు, ఒక్కటీ చింపలేదు. అవ్వను అడిగాను. అవ్వ బెండ విత్తనాలు ఏరుతోంది. పోయిన ఏడాది చర్చి క్యాలెండరు కాగితాల్లో పొట్లాలు కట్టి పెట్టుకున్నవి. తలెత్తకుండా అంది:

"నీకు తెల్వదా బిడ్డా? నిజంగ తెల్వదా?"

పెరట్లోకి వెళ్లాను. బాపు సొర గుంత గట్టు సరిచేస్తున్నాడు. ఎదురుగా నిలబడి అడిగాను. ఆయన దాచలేదు. బోర్డు సెలవు కోసం కాదు. తానే దరఖాస్తు పెట్టుకున్నాడు, పనికి తగడని రాయమని. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉన్నాయి కాబట్టి ఆ మాట పడితే బిడ్డకు ఉద్యోగం వస్తుంది. మొండయ్య కాక మందులు మానకుండా వెళ్లి ఓడిపోయాడు. బాపు ఆ పొరపాటు చేయదలచుకోలేదు.

"నేను బోర్డుకు వచ్చి చెప్త బాపు. మందులు ఆపిండు, బూడిద పీల్చిండు అని మొత్తం చెప్త."

"చెప్పు. నీకు సరే అనిపిస్తే చెప్పు. మోసం చేసిండని రాస్తరు, గంతే గద."

"నేను గా నౌకరి చెయ్య."

"చెయ్యకు. తెచ్చి నీ ముంగట పెడ్త. చేస్తవో పారేస్తవో నీ ఇష్టం."

"స్టేజీ మీద నేనేం మాట్లాడిననో ఇన్నవ్ గద."

"మూడుమాట్ల ఇన్న. నీ మీదికి మాట్లాడిన పిల్లగాడు ఉత్త నాదాను, ఏం తెల్వనోడు. నేనుంటె ఒక్కటే అడుగుదు." ఊపిరి కోసం ఆగాడు. "కప్పు కింద ఇరవై తొమ్మిదేండ్లు నిలబడ్డ. ఊపిరితిత్తులు పోయినయ్. నేను మందు తాగినా పోయినయ్, తాగకున్నా పోయినయ్. పోయినదానికి నా ఇంట్లకు ఏమన్న రావొద్దా?"

నా దగ్గర ఖండన ఉంది. నష్టపరిహారం వేరు, నియామకం వేరు; ఒకరి హక్కును మరొకరి ద్వారా తీర్చడం మరో అన్యాయమవుతుంది. డిసెంబరులో ఇదే చెప్పి గెలిచాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆయన అడిగాడు:

"నీ పరీక్ష ఏమైంది? అది వచ్చిందను, నౌకరి ఫికర్ లేదను. గిప్పుడే లోపలికి పొయ్యి పంపు గుంజుకుంట. దేవుని తోడు."

ఒక్క అబద్ధం. "వచ్చింది బాపు." రెండు మాటలు. సభలో నమ్మని పక్షాన్ని కూడా నమ్మినట్టు మాట్లాడగలిగినదాన్ని. నిజం చెప్పినా, అబద్ధం చెప్పినా ఏదో ఒకటి తేలిపోయేది.

"ఇంకా రాలే" అన్నాను.

బాపు పార అందుకున్నాడు. "సరే మరి" అని గట్టు మీద మట్టి వేశాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

వయసు వచ్చిన, బుద్ధి స్థిరంగా ఉన్న మనిషి తన శరీరం గురించి తాను నిర్ణయం తీసుకోవచ్చు. దాన్ని అడ్డుకోవడం పెత్తనం అవుతుంది. ఇది నేను ఎన్నో వేదికల మీద సమర్థించిన సూత్రమే. ఇవాళ కొత్తగా కల్పించుకున్నది కాదు.

ఫిబ్రవరి 19, బుధవారం

పై పేజీ చదివాను. కల్పించుకున్నదే.

నాలుగో మడి పూర్తయింది. పెంట కలిపాను. బాపు జల్లెడ దగ్గర ఉన్నంతసేపూ నేను గడ్డపారతో రాళ్లు లేని చోట కూడా తవ్వాను, ఆ దగ్గు చప్పుడు వినపడకుండా.

ఫిబ్రవరి 20, గురువారం

మొండయ్య కాక, నేను తోడు వెళ్లాం. వరండాలో బెంచీలు, వాటిమీద అందరూ ఒకే వయసు మగవాళ్లు, ఒకే రకంగా భుజాలు పైకెత్తి ఊపిరి తీస్తూ. కొందరి పక్కన కొడుకులు. అందరికంటే తక్కువ దగ్గుతున్నవాడిని చూసి కాక నా చెవిలో, "వాడు పాసైతడు, పాపం" అన్నాడు.

యెషయా అని పేరు పిలిచారు. బాపు లేచాడు. తలుపు వేయలేదు. లోపల ముగ్గురు డాక్టర్లు, ఒక బల్ల, నీళ్ల సీసా కనిపిస్తున్నాయి. బెంచీ నుంచి తలుపుకు పది అడుగులు. చెప్పవలసిన వాక్యం సిద్ధంగానే ఉంది, కర్త, కర్మ, క్రియలతో సహా.

లేవలేదు.

బాపు అరగంటకు వచ్చాడు. లోపల ఏం చేయించారో చెప్పలేదు. బొటనవేలు పైకెత్తి చూపించాడు. కాక ఆయన్ని వాటేసుకుని, "గెలిచినవ్ తమ్మీ" అన్నాడు. ఆ గొంతులో అసూయ ఉంది, అది దాచుకోవాలన్న మర్యాద కూడా ఉంది. వచ్చేదారిలో బాపు జిలేబీ కొన్నాడు. ఇంటికి రాగానే అవ్వ పంపు, నీళ్లు, మాత్రలు మూడూ ఒకేసారి తెచ్చి నిలబడింది. నెల రోజులుగా ఆ మూడింటినీ ఎక్కడ పట్టుకుని తిరిగిందో.

85. 84.

ఫిబ్రవరి 27, గురువారం

విత్తనాలు పెట్టాం. ముందు అవ్వ ప్రార్థన చేసింది. బాపు కుర్చీ మడి పక్కకు జరిపాం, వంగలేకపోతున్నాడు. సొర గింజ మొన కిందికి పెట్టాలని, ఒక్కో గుంతలో మూడు చాలునని కుర్చీలోంచే చెప్పాడు. ఒక వాక్యానికి రెండు ఊపిరులు అవసరమవుతున్నాయి. మాత్రలు మొదలుపెట్టి వారమైంది. మందు పట్టడానికి సమయం పడుతుంది.

మిగిలిన బూడిద కుప్పను అవ్వ ఒక్కతే తట్టకెత్తి గుట్టవతల పారబోసి వచ్చింది. నేను చెయ్యి వేయబోతే, "నువ్వు దూరముండు" అంది.

మార్చి 3, సోమవారం

పొద్దున బాపు పెదవులు నీలంగా ఉన్నాయి. ఆసుపత్రి.

మార్చి 6, గురువారం

ఇక్కడ మూడు రోజులు. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "ఇన్ని రోజులు మందు ఎందుకు ఆపినరు? ఇన్ఫెక్షన్ ముదిరింది. పోయిన భాగం ఇగ తిరిగి రాదు" అంది. చదువుకున్నదానివి కదా, చూసుకోవద్దా అని కూడా అంది.

వాదించలేదు.

మార్చి 9, ఆదివారం

అవ్వ ఇంటికి వెళ్లి వచ్చింది. బెండ మొలిచిందట. బాపు మాస్కులోంచి ఏదో అన్నాడు. తీసి అడిగాను. "నీళ్లు ఎక్కువ పొయ్యకు" అన్నాడు.

మార్చి 15, శనివారం

ఇంటికి తెచ్చాం. ఆక్సిజన్ మిషను కూడా వచ్చింది. రోజుకు పదహారు గంటలు గొట్టం ముక్కుకు ఉండాలి. మంచాన్ని వెనుక కిటికీ పక్కకు మార్చాం. గొట్టం పెరటి గడప దాకా అందుతుంది, మడుల దాకా అందదు.

జనవరిలో ఆ మంచం మీది నుంచి ఈయన్ని లేపింది నేను. పెరట్లోకి పంపింది నేను. బూడిద వద్దన్న అవ్వ నోరు మూయించింది నేను. ఆయన ఏం చేస్తున్నాడో తెలిశాక మూడు రోజులు ఊరుకున్నదీ నేనే. వీటిలో మొదటి మూడూ తెలియక చేసినవని అనవచ్చు. నాలుగో దానికి ఏ మాటా దొరకడం లేదు.

మార్చి 18, మంగళవారం

అవ్వ మహిళా సమాజం ప్రార్థనకు వెళ్లింది. బాపుకు చెప్పాను. ఆ రోజు అడిగినప్పటికే ఫలితం వచ్చిందని, రెండు మార్కులతో పోయిందని, తెలిసే "ఇంకా రాలే" అన్నానని.

బాపు ముక్కు దగ్గర గొట్టం సరిచేసుకున్నాడు.

"పోతె పోయింది తియ్" అన్నాడు. "నీది పోయింది. నాది పాసైంది. ఇంట్లకు ఒక్కటి చాలు."

తానే నవ్వబోయి దగ్గాడు. వీపు రాశాను. ఎముకలు చేతికి తగులుతున్నాయి.

"బాపు, నేను చెప్తె ఆగుతుంటివి."

"ఆగుతుంటి."

నా తప్పు లేదంటాడని ఎదురుచూశాను. అనలేదు. నా చేతిమీద చెయ్యి వేసి, కిటికీలోంచి బీర తీగకు పుల్ల గుచ్చమని చూపించాడు. వెళ్లి గుచ్చాను.

మార్చి 29, శనివారం

హర్షిణి ఫోను చేసింది. యూనివర్సిటీలో నా జోడీ. ప్రతి పోటీలో నా తర్వాత మాట్లాడేది. ఏప్రిల్లో పోటీ ఉందట. ప్రతిపాదన చెప్పబోతే వద్దన్నాను.

"ఏమైందే నీకు? నువ్వు లేకపోతే మనం ఓడిపోతం."

"ఓడిపోదాం" అన్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

పొద్దున మడులకు నీళ్లు పోసి కంపెనీ ఆసుపత్రికి వెళ్లాను. తీగలు మళ్లీ కట్టిన పందిరి ఎక్కాయి. మొదటి పూతలో కాయ నిలవదు, రాలిపోతుందని అవ్వ ముందే చెప్పింది. కింద సొర పూలు తెల్లగా రాలి ఉన్నాయి.

తండ్రి బదులు ఉద్యోగంలో చేరేవారికి ముందు వైద్యపరీక్ష ఉంటుంది. కంటిచూపు, రక్తం, ఛాతీ ఫోటో. చివరిది శ్వాస. ఒక చిన్న గది, యంత్రం, దానికి అట్టగొట్టం. టెక్నీషియన్ నా ముక్కుకు క్లిప్పు పెట్టి, "ఉన్నదంత ఊదాలె అమ్మా. మిగిలించుకోవద్దు" అన్నాడు.

ఈ గదికి పక్కదే బోర్డు గది. ఫిబ్రవరిలో బాపు ఊదింది కూడా ఇక్కడే అయి ఉంటుంది.

సగం ఊదితే చాలని ఆ క్షణంలో తోచింది. ఎవరికీ తెలియదు. నాకు ఉద్యోగం రాదు, వేదిక మీద చెప్పిన మాట నిలుస్తుంది, రెండు వందల మంది ముందు నేను అన్నది నిజంగానే నమ్మానని నాకు నేను చెప్పుకోవచ్చు. ఆ మాట ఇప్పటికీ నిజమనే నమ్ముతున్నాను. తండ్రి రోగం బిడ్డకు యోగ్యత కాకూడదు. కానీ ఆ మాటను నిలబెట్టవలసిన రోజు ఒకటి ఉండింది, ఆ రోజు నేను బెంచీ మీద కూర్చున్నాను. ఇవాళ నిలబెడితే, ఆయన పోగొట్టుకున్నది ఊరికే పోయినట్టవుతుంది.

"ఏమ్మా, భయమైతుందా?"

తల అడ్డంగా ఊపాను. గొంతు ఎత్తి మాట్లాడటానికి నేను ఏళ్ల తరబడి సాధన చేసిన ఊపిరి అది. దేనికి పనికివస్తుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఊదాను. తెరమీద గీత నిటారుగా లేచింది.

"శభాష్. మస్తుంది గాలి నీ దగ్గర" అన్నాడు టెక్నీషియన్. "మల్ల రెండుమాట్ల."

మూడుసార్లూ ఏమీ మిగిలించుకోకుండా ఊదాను.